తల్లి రికార్డులో లేని రీడింగు

ముప్పై ఒక్క ఏళ్ళు ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పాను. హిందూపురంలో మొదలుపెట్టి, పెనుకొండలో ఎక్కువ కాలం ఉండి, ధర్మవరంలో ముగించాను. ఇన్నేళ్ళలో నా ల్యాబులో ఒక్క విద్యార్థి కూడా తప్పు రీడింగు రాయలేదు. ఒక్కరంటే ఒక్కరు. నమ్మకపోతే పాత రికార్డు పుస్తకాలు తెప్పించుకుని చూడండి. ఒక బ్యాచ్ పుస్తకం పక్కన ఇంకో బ్యాచ్ పుస్తకం పెట్టండి. పాయింటు తర్వాత రెండో అంకె కూడా మారదు. పెద్ద పెద్ద పరిశోధనాలయాల్లో కూడా ఇంత నిలకడ ఉండదు.

ఈ మాట నా రిటైర్మెంట్ సభలో మైకు పట్టుకుని చెప్పాను. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు ఎందుకు పడ్డాయో కాసేపాగి చెప్తాను.

పదో తరగతి ముగించి ఇంటర్లో ఒకేషనల్ ఎలక్ట్రానిక్స్ తీసుకోబోయే పిల్లల కోసం, వాళ్ళకు పాఠం చెప్పబోయే కొత్త లెక్చరర్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ సంవత్సరం ఏ బదిలీ ఆర్డరు వచ్చిందో మీకు అక్కర్లేదు, నాకూ గుర్తులేదు.

ముక్కుతో రిపేరు

నేను చదువుతో పాటే పని నేర్చుకున్నాను. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్‌కు పోయే దారిలో మాబు సాబ్ అనే ఆయనకు రేడియో షాపు ఉండేది. డిప్లొమా చదివే రోజుల్లో నా సెలవులన్నీ ఆ షాపులోనే గడిచాయి. అక్కడ నాకు ఒక గొప్ప విద్య అబ్బింది. సెట్టు వెనక మూత తీసి, కళ్ళు మూసుకుని ఒక్కసారి వాసన పీల్చి, ఏ భాగం కాలిపోయిందో వేలు పెట్టి చూపించేవాణ్ణి. గూళ్ళు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు షాపు ముందు మూగేవాళ్ళు.

"ఏమబ్బా, ఈయప్ప ముక్కుతోనే రిపేరీ చేస్తాండాడే!"

నిజానికి కాలిన భాగాలన్నీ దాదాపు ఒకే కంపు కొడతాయి. నేను కళ్ళు పూర్తిగా మూసేవాణ్ణి కాదు. నల్లబడిన రెసిస్టర్ ఎక్కడుందో రెప్పల సందులోంచి చూసుకుని, తర్వాత ముక్కు ఎగబీల్చేవాణ్ణి. మాబు సాబ్‌కు ఈ సంగతి తెలుసు. గిరాకీ పెరుగుతోంది కదా అని ఊరుకున్నాడు.

ఆయన ఊరుకోనిది ఒక్కటే, నా సోల్డరింగ్. బోర్డు మీద తీగను అతికించేటప్పుడు చిన్న చుక్క పెడితే చాలు. నా చేతికి ఆ లెక్క ఎప్పుడూ అందలేదు.

"ఏమిరా ఇది, చుక్క పెట్టమంటే శెనక్కాయంత ముద్ద పెడ్తావు? నేను గుడ్డోన్నయినా సరే, నువ్వు చేసిన జాయింటు చేత్తో తడిమి చెప్తా" అనేవాడు.

ఆ శెనక్కాయ ముద్దను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

ఈ కోర్సుకు వచ్చేవాళ్ళు

అడ్మిషన్ల రోజుల్లో తండ్రులు నా గది గుమ్మంలో నిలబడి ముందు అడిగే మాట, "ఎంపీసీలో సీటు లేదంట గదా సార్?" అన్నదే. ఇక్కడికి రావడమంటే పెళ్ళిలో రెండో పంక్తిలో కూర్చోవడం లాంటిదని వాళ్ళ బాధ. పిల్లలు కూడా మొదటి నెలంతా అలాగే తల వంచుకుని ఉంటారు.

నేను మొదటి రోజు పాఠం చెప్పేవాణ్ణి కాదు. చచ్చిపోయిన రేడియో ఒకటి బల్ల మీద పెట్టి "విప్పండి" అనేవాణ్ణి. మూత తీయగానే తలలన్నీ లేచేవి. ఆ రోజు ఎవరు స్క్రూలను గిన్నెలో వేసుకుంటారో, ఎవరు నేల మీద పారేసుకుంటారో చూస్తే రెండేళ్ళ తర్వాత ఎవరు ఎక్కడ ఉంటారో చెప్పేయవచ్చు. చెప్పేయవచ్చు అన్నాను గానీ, నేను చెప్పినవి సగం తప్పాయి. స్క్రూలన్నీ పారేసుకున్న ఒకడు ఇప్పుడు సోమందేపల్లి హైవే పక్కన బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తాడు. వాడి షాపు ముందు రైతులు పొద్దున్నే వరస కడతారు.

ఈ కోర్సు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సిలబస్ పాతది, పుస్తకం మందం, ల్యాబు సన్నం. అయినా ఇది మంచి కోర్సు. ఇంట్లో టీవీ చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కుంటారు. మార్కెట్‌లో తూకం మిషను, పొలంలో స్టార్టరు, మగ్గం మీది బోర్డు చెడిపోతే ఎవరూ పారేయరు, మనిషిని వెతుక్కుంటూ వస్తారు. ఆ మనిషి మీరు కావాలంటే ఒకటే రావాలి. మీటరు చూపించిందాన్ని చూపించినట్టు చదవడం. పదహారేళ్ళ వయసులో ఇది చాలా సులువుగా వస్తుంది. దాన్ని పోగొట్టేది మాలాంటి లెక్చరర్లే. ఎలా పోగొడతామో ఇప్పుడు చెప్తాను.

చప్పట్ల రహస్యం

ప్రాక్టికల్స్‌కు రికార్డు అని ఒక పుస్తకం ఉంటుంది. ప్రయోగం చేసి, మీటరులో వచ్చిన అంకెలు అందులో రాసి, గ్రాఫు గీసి, లెక్చరర్ సంతకం తీసుకోవాలి. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పోతే ఏడాది పోయినట్టే.

నేను పెనుకొండలో చేరేనాటికి ల్యాబులో ప్రయోగాల బోర్డులు ఆరు, వాటిలో నడిచేవి నాలుగు, క్లాసులో పిల్లలు నలభై మంది. అందరూ నిజంగా రీడింగులు తీసుకోవాలంటే సంక్రాంతికి మొదలుపెట్టిన ప్రయోగం ఉగాదికి కూడా ముగియదు. అందుకని మొదటి బ్యాచ్‌లో ముత్యాల్లాంటి చేతిరాత ఉన్న ఒకడి రికార్డును బీరువాలో భద్రంగా పెట్టాను. పిల్లలు దానికి తల్లి రికార్డు అని పేరు పెట్టారు. ప్రతి ఏడూ దాన్ని ఇంటికి తీసుకుపోయి దించుకునేవాళ్ళు. ప్రయోగం చేసేవాళ్ళు, చేయకపోలేదు. మీటరు ముల్లు కదిలితే సంతోషపడేవాళ్ళు. అంకెలు మాత్రం తల్లి దగ్గర్నుంచే వచ్చేవి.

మా ప్రిన్సిపాల్‌కు ఈ పద్ధతి తెలుసు. ఆయన సిద్ధాంతం ఆయనది. "అశ్వత్థా, రికార్డులు నీటుగా ఉండల్లబ్బా. పరీక్షకొచ్చినోళ్ళు ముందు అట్ట చూస్తారు, ఆనెక గ్రాఫు చూస్తారు, అంతలోకి కాఫీ వస్తాది" అనేవాడు.

ఆ తల్లికి ఒక పుట్టుమచ్చ ఉండేది. మొదటివాడు డయోడ్ గ్రాఫు గీసేటప్పుడు ఎవరిదో మోచేయి తగిలి, గీత మధ్యలో చిన్న బొడిపె వచ్చింది. తర్వాత ప్రతి బ్యాచ్ గ్రాఫులోనూ అదే చోట అదే బొడిపె. ఒక ఏడు పరీక్షకు వచ్చిన ఎగ్జామినర్ ఆ బొడిపె మీద వేలు పెట్టాడు.

"ఇదేమప్పా, ఈడ ఎగిరింది?"

"అది అందరికీ వస్తాది సార్."

"ఎందుకొస్తాది?"

"మా కాలేజీలో వస్తాది సార్."

ఎగ్జామినర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి పెనుకొండ కొండ వైపు చూశాను.

కాబట్టి ఒక్క తప్పు రీడింగు లేదన్నది అక్షరాలా నిజం. అసలు రీడింగులే లేవు. సభలో చప్పట్లు కొట్టినవాళ్ళంతా నా పాత విద్యార్థులు. వాళ్ళు నన్ను పొగడలేదు, తమ పుస్తకాలు తలచుకుని నవ్వుకున్నారు.

నాగరత్న

ఈ ఏర్పాటు హాయిగా సాగుతుండగా నాగరత్న వచ్చింది. సోమందేపల్లి పక్క పల్లె. తండ్రి ఆంజినప్ప గొర్రెలు కాసేవాడు. ఆ పల్లెలోకి పొద్దున్నే గార్మెంట్ ఫ్యాక్టరీ వ్యాను వచ్చేది. నాగరత్న ఈడు ఆడపిల్లలు చాలామంది అందులో ఎక్కి హిందూపురం వైపు కుట్టుపనికి పోయేవాళ్ళు. ఒక్క ఏడు కూడా తప్పకుండా చదివితే చదివిస్తాను, తప్పితే వ్యాను ఎక్కాలి అని ఆంజినప్ప కూతురికి ముందే చెప్పి చేర్పించాడు.

రెండో సంవత్సరం, పరీక్షలకు రెండు వారాల ముందు, ఆ అమ్మాయి డయోడ్ ప్రయోగం రాసి సంతకానికి తెచ్చింది. డయోడ్ అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం. అది వెంటనే పోనివ్వదు. కాస్త వోల్టేజి వచ్చేదాకా తలుపు మూసుకుని ఉండి అప్పుడు తెరుచుకుంటుంది. జెర్మేనియం రకమైతే 0.3 వోల్టుల దగ్గర, సిలికాన్ రకమైతే అంతకు రెట్టింపు దాటాక. మా బోర్డు పైన జెర్మేనియం అని రాసి ఉంది. తల్లి రికార్డులో 0.3 ఉంది. నాగరత్న 0.65 రాసింది. బొడిపె కూడా లేదు.

ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను.

"0.3 రావల్ల. మల్లా రాసుకురాపో."

"నాకు మీటర్లో వచ్చింది ఇదే సార్."

"మీటరు సరిగ్గా చూసిండవు."

"మూడు మీటర్లతో చూస్తి సార్."

"మూడూ చెడిపోయుంటాయి."

"మూడూ ఒకే మాదిరి చెడిపోతాయా సార్?"

నాకు కోపం వచ్చింది. లెక్చరర్‌కు కోపం వచ్చిందంటే చాలాసార్లు పిల్లలు సరైన మాట అన్నారని అర్థం. ఇది నాకు రిటైరయ్యాక తెలిసింది. దిద్దుకువస్తేనే సంతకం, లేకపోతే లేదు అని పుస్తకం చేతిలో పెట్టి పంపించేశాను. వారం గడిచింది. ఆ అమ్మాయి పుస్తకం తెచ్చేది, అదే పేజీ చూపించేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. పరీక్ష దగ్గరికి వచ్చేసింది.

గొర్రెల లెక్క

ఒక రోజు ఆంజినప్ప కూతురిని వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చాడు. భుజాన కంబళి. బోర్డుల వంక, మీటర్ల వంక ఒకసారి చూసి కింద కూర్చోబోయాడు. నేను స్టూలు వేశాను.

"సారూ, సంతకం పెట్టనంటివంట. పెట్టేదుంటే పెట్టు, లేదంటే లేదని చెప్పు. సోమారం నుంచి వ్యాన్లో పంపిస్తా. బిడ్డ ఈ వారం అన్నం సరిగ్గా తినలేదు" అన్నాడు.

రావలసిన అంకె వేరు, నీ కూతురు రాసిన అంకె వేరు అని ఆయనకు చెప్పాను.

"రావల్సిందంటే? ఎట్ల తెలుస్తాది నీకు?"

"పోయినేడు అదే వచ్చింది. అంతకు ముందేడూ అదే."

ఆంజినప్ప గడ్డం గోక్కున్నాడు. "నేను సాయంత్రం గొర్రెలు దొడ్లోకి తోలేటప్పుడు లెక్క పెడ్తా సారూ. పోయినేడు ఎన్నుండెనో అది చెప్పను. ఆ పొద్దు ఎన్నుంటే అన్నే చెప్తా. ఒకటి తక్కువొస్తే తక్కువే. మల్ల పోయి వెతుక్కుంటా."

ఇంతవరకు పెంచి చెప్పినవన్నీ నేనే ఒప్పుకున్నాను. ఇకపై చెప్పేదాంట్లో మాత్రం ఒక్క అక్షరం ఎక్కువ లేదు. ఏటేటా వీడ్కోలు సభల్లో పిల్లలకు చెప్తూ వచ్చినదే.

ఆ మాటతో నా కళ్ళు తెరుచుకున్నాయి. వెంటనే లేచి, బోర్డు తిరగేసి, అడుగున నాలుగు స్క్రూలు నా చేతులతో నేనే విప్పాను. లోపల నల్లటి సిలికాన్ డయోడ్ ఉంది. దాని రెండు కాళ్ళకూ శెనక్కాయంత ముద్దలు.

ఆ ముద్దలు ఎవరివో చూడగానే తెలిసింది. నాలుగేళ్ళ క్రితం ఒక బ్యాచ్‌కు గొప్పగా పాఠం చెప్తూ, కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్‌ను మధ్యలో పెట్టడం మరిచి, ఆ జెర్మేనియం డయోడ్‌ను నేనే కాల్చేశాను. పొగ వచ్చింది. క్లాసు నోరు తెరిచింది. "ఇదే డయోడ్ కాలిన వాసన, రాసుకోండి" అన్నాను. రాసుకున్నారు. సాయంత్రం నా సంచిలో ఉన్న సిలికాన్ డయోడ్ ఒకటి అక్కడ అతికించి, అసలు రకం దొరికినప్పుడు మారుద్దామనుకుని మూత బిగించి మరిచిపోయాను. నాలుగు బ్యాచ్‌లు సిలికాన్ డయోడ్ ముందు కూర్చుని 0.3 అని రాశాయి. నాలుగు బ్యాచ్‌లకు నేను సంతకం పెట్టాను.

వెంటనే క్లాసంతా పిలిపించాను. తప్పు నాది, ఒప్పు నాగరత్నది అని అందరి ముందూ చెప్పాను. నిండు మనసుతో సంతకం పెట్టాను. తల్లి రికార్డును బీరువాలోంచి తీసి నిలువునా చించేశాను. ప్రాక్టికల్ పరీక్ష నాడు ఎగ్జామినర్ పక్కనే నిలబడి ఈ పిల్ల సంగతి వివరించాను. ఆయన నా మాట విని నిండుగా మార్కులు వేశాడు.

కొత్తగా వచ్చే లెక్చరర్లూ, మీ బీరువాలో కూడా ఒక తల్లి ఉంటుంది. నాకు తెలుసు. బోర్డులు తక్కువ, రోజులు తక్కువ, ప్రిన్సిపాల్‌కు రిజల్టు కావాలి. పన్నెండు ప్రయోగాలు నీటుగా దించుకోవడం కంటే మూడు ప్రయోగాలు వంకరగా చేసినా మేలు. తల్లి రికార్డుతో సరిపోలని పుస్తకం వచ్చినప్పుడు ఎర్ర పెన్ను తీయకండి, స్క్రూడ్రైవర్ తీయండి.

ఇక్కడితో ముగించి, చాలా బాగా రాశాననుకున్నాను. అచ్చుకు ఇచ్చే ముందు నాగరత్నకు ఒకసారి వినిపిస్తే ముచ్చటపడుతుందని కాగితాలు సంచిలో పెట్టుకుని ధర్మవరం వెళ్ళాను.

ధర్మవరంలో మగ్గం కింద

నాగరత్న ఇప్పుడు ధర్మవరంలో ఎలక్ట్రానిక్ జకార్డులు బాగుచేస్తుంది. పట్టు చీర మగ్గం పైన ఉండే పెట్టె అది. ఏ పోగు ఎప్పుడు లేవాలో దాంట్లోని బోర్డు చెప్తుంది, కింద చీర మీద బొమ్మ పడుతుంది. నేను వెళ్ళేసరికి ఆమె ఒక నేతగాడి ఇంట్లో స్టూలెక్కి, తల పెట్టెలో దూర్చి ఉంది. ఆ ఇంటావిడ మగ్గం పక్కన దిగులుగా నిలబడి ఉంది.

"చూడు సార్, హంసకు మెడ రాలేదు. నిన్నట్నుంచి అన్నీ బాతులే పడ్తాండాయి" అంది నాతో.

"వచ్చినారా సార్? ఆ టార్చి పట్టుకోండి. ఇట్ల, పైకి" అంది నాగరత్న లోపల్నుంచి.

ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో కాగితాలు పట్టుకుని మొత్తం చదివాను. చప్పట్ల దగ్గర నవ్వింది. బొడిపె దగ్గర గట్టిగా నవ్వింది. చదవడం అయిపోయాక పైనుంచి మాట వచ్చింది.

"మా నాయన మాట బాగా రాస్తిరి సార్. అది అన్నాక మీరేం చేస్తిరి?"

"బోర్డు విప్పితిని కదమ్మా. రాశాను కదా."

"మీరు విప్పలేదు సార్."

నేను టార్చి మార్చి పట్టుకున్నాను.

"మా నాయన 'ఆ పెట్టె తెరిస్తే తెలుస్తాది గదా' అంటే, మీరు 'కంపెనీ సీలు ఉండాది, తెరవగూడదు' అంటిరి. నా చేతికి పెన్నిచ్చి, 'పాపా, ఒక్క అంకె దిద్దు, ఇప్పుడే సంతకం పెడ్తా, మీ నాయన ఊరికి పోతాడు' అంటిరి. నేను పెన్ను బల్ల మీద పెట్టేస్తి. మేమిద్దరం గేటు దాకా పోతిమి. గేటు కాడ మా నాయన్ను నిలబెట్టి నేనొక్కదాన్నే వెనక్కొస్తి. స్క్రూడ్రైవర్ తీసుకుని విప్పింది నేను. మీరు వద్దు వద్దు అంటానే ఉండిరి. మూత తీసినాక మీ ముఖం చూస్తి. అప్పుడు తెలిసె నాకు, ఆ ముద్దలు ఎవరివో."

"క్లాసుకు చెప్పితిని కదా" అన్నాను.

"చెప్తిరి. 'బోర్డులో కంపెనీవాళ్ళు తప్పు డయోడ్ వేసినారు' అని చెప్తిరి. మీదని చెప్పలేదు. తల్లి రికార్డు మీరు చింపలేదు, మా తర్వాత బ్యాచ్‌లో మా చిన్నాన్న కొడుకు దాన్నే చూసి రాసినాడు, బొడిపెతో సహా. ఎగ్జామినర్‌కు డయోడ్ సంగతి చెప్పింది నేను. ఆ టైములో మీరు ఆయనకు ఉగ్గాని, బజ్జీ తెప్పించనీకి పోయింటిరి. నిండు మార్కులూ కావు. గ్రాఫుకు పేరు రాయలేదని రెండు మార్కులు కోసినాడు. కోసింది న్యాయమే."

ఇంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా సభల్లో చెప్పి చెప్పి నేనే నమ్మేశాను, బోర్డు విప్పింది నేనేనని.

"మీరు చెప్పుకుంటా వచ్చింది ఇంకో తల్లి రికార్డు సార్. ఏటేటా అదే దించుకుంటాండారు" అంది నాగరత్న. పెట్టెలో ఏదో టిక్కుమంది. "అమ్మా, తొక్కి చూడు ఒకసారి."

ఇంటావిడ మగ్గం తొక్కింది. పోగులు లేచాయి, దిగాయి. నాలుగు వరసల తర్వాత హంసకు మెడ మొదలైంది.

నాగరత్న స్టూలు దిగి, చేతులు తుడుచుకుని, నా చేతిలోంచి టార్చి తీసుకుంది. మగ్గం పక్కన పెట్టిన నా సంచి చూసి, "పెన్నుండాదా సార్?" అంది. ఉందన్నాను. తాను చెప్పినదంతా మళ్ళీ మొదట్నుంచి, నిదానంగా చెప్పింది. నేను కాగితం వెనక రాసుకున్నాను. పైన మీరు చదివింది అదే. రాయడం అయిపోయాక వంగి ఒకసారి చదువుకుని, మూడో వరసలో "నేనొక్కదాన్నే" అన్న మాట నేను వదిలేస్తే వేలు పెట్టి చూపించింది. చేర్చాను.

"ఆ. ఇప్పుడు సరిపోయె. కింద సంతకం పెట్టండి సార్."